చుట్టల పెట్టెలో పెట్టుబడి!

600 డాలర్లతో మొదలైన ఓ పంక్ రాక్ లేబుల్ నాలుగు దశాబ్దాలు దాటినా నిలబడే ఉంది. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆ లెక్కల పుస్తకంలో పనికొచ్చే పాఠాలు చాలానే ఉన్నాయి.

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే విజయవాడ కాలేజీల్లో ఒకటే ప్రశ్న: ‘ఎక్కడైనా వచ్చిందా?’ గుడివాడ బస్సెక్కినా, మచిలీపట్నం ప్యాసింజర్ ఎక్కినా పక్క సీటు పెద్దాయన అడిగేదీ అదే. వచ్చిందంటే మంచిదే. రాకపోతే? లేదా మీ చేతిలో ఒక పని ఉంది, బాగా వచ్చు, కానీ దాన్ని కొనే కంపెనీయే మీ ఊళ్లో లేదు. అప్పుడేం చేస్తారు?

1980లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో కొందరు కుర్రాళ్లకి సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చింది. వాళ్లకి వచ్చిన పని పంక్ రాక్. చేతిలో ఉన్న డబ్బు 600 డాలర్లు. వాళ్లు పెట్టిన సంస్థ పేరు డిస్‌కార్డ్ రికార్డ్స్. మీ ఫోన్లో గేమర్లు వాడే యాప్ కాదండోయ్, దానికంటే మూడు దశాబ్దాలు ముందుది. ఈ కథలో కోట్ల ఫండింగ్ లేదు, అద్భుతమైన ‘ఎగ్జిట్’ లేదు. ఉన్నదల్లా పద్దు, నిజాయతీ, ఓపిక. అందుకే చదవాల్సిన కథ.

అసలు లేబుల్ అంటే?

పాట రికార్డు చేయడానికి డబ్బు పెట్టి, కాపీలు తీసి, దుకాణాలకి చేర్చి, ప్రచారం చేసి, వచ్చిన సొమ్ములో కళాకారుడికి వాటా ఇచ్చే సంస్థే లేబుల్. మన తాతల కాలంలో హెచ్ఎంవీ, ఇప్పుడు యూట్యూబ్‌లో తెలుగు పాట పెడితే పేరు కనిపించే ఆదిత్య, లహరి.. ఇవన్నీ లేబుళ్లే. మన దగ్గర ఎక్కువగా సినిమా పాటల హక్కులు కొనడమే లేబుల్ పని. అందుకే బయట పాట కట్టుకున్న కుర్రాడికి ఎటెళ్లాలో తెలియదు.

పంక్ రాక్ 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్‌లలో మొదలైంది. రెండు నిమిషాల పాట, మూడు కార్డ్స్, చెవులు చిల్లులు పడే వేగం. సంగీతం కాలేజీ పట్టా అక్కర్లేదు, ఖరీదైన స్టూడియో అక్కర్లేదు అన్నది దాని ధోరణి. పాట నచ్చకపోతే పోనీండి. కానీ ఆ ధోరణి నుంచి ఒక వ్యాపార పద్ధతి పుట్టింది: ఎవరో వచ్చి అవకాశం ఇచ్చేదాకా ఆగకుండా మన రికార్డు మనమే వేసుకోవడం.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కి చెందిన బజ్‌కాక్స్ అనే బ్యాండ్ 1977 జనవరిలో ఇది చేసి చూపించింది. ఇంట్లోవాళ్ల దగ్గరా, స్నేహితుల దగ్గరా 500 పౌండ్ల దాకా చేబదులు తీసుకుని, న్యూ హార్మోన్స్ అని సొంత లేబుల్ పేరు పెట్టుకుని నాలుగు పాటల రికార్డు వేసింది. ముందు 1,000 కాపీలు. అవి అయిపోయాయి. మళ్లీ మళ్లీ వేస్తే మొత్తం 16,000 దాకా పోయాయి. లండన్ వెళ్లకుండానే పని జరుగుతుందని దాంతో చాలామందికి అర్థమైంది.

ఏడాది సంపాదన.. ఒక్క పెట్టెలో

వాషింగ్టన్‌కి వద్దాం. ఇయన్ మెకై, జెఫ్ నెల్సన్ ఒకే హైస్కూల్ పిల్లలు. టీన్ ఐడిల్స్ అని బ్యాండ్ పెట్టారు. దాదాపు ఏడాది పాటు చిన్నాచితకా షోలు చేశారు. వచ్చిన ప్రతి డాలర్‌నీ పంచుకోకుండా ఒక చుట్టల పెట్టెలో వేశారు. పార్టీలు లేవు, కొత్త బట్టలు లేవు. 1980 చివర్లో బ్యాండ్ విడిపోయేసరికి ఆ పెట్టెలో సుమారు 600 డాలర్లు మిగిలాయి.

ఇక్కడ మీరైతే ఏం చేస్తారు? నలుగురూ తలా 150 తీసుకుని ఎవరిదారిన వాళ్లు పోవచ్చు. వాళ్లు అలా చేయలేదు. అప్పటికే ఆర్లింగ్టన్‌లో డాన్ జియంటారా అనే ఆయన తన ఇంట్లో నడిపే ఇన్నర్ ఇయర్ స్టూడియోలో పాటలు రికార్డు చేసి ఉన్నారు. ఆ డబ్బుతో ఎనిమిది పాటలున్న 7 అంగుళాల రికార్డు 1,000 కాపీలు వేద్దామనుకున్నారు. మెకై, నెల్సన్, గాయకుడు నేథన్ కలిసి డిస్‌కార్డ్ అని పేరు పెట్టారు. అప్పటికే లేని బ్యాండుకి రికార్డు! లాభం కోసం చేసే పని కాదది. తమ ఊళ్లో తమ వయసువాళ్లు ఒక పని చేశారు, అది నమోదు కావాలన్నదే కారణం.

కాపీలు ఫ్యాక్టరీ నుంచి వస్తాయి, సరే. మరి కవర్లు? కవర్లు చేయించే ఖర్చు ఎందుకని ఒక ఇంగ్లిష్ రికార్డు కవరు విప్పి, ఎలా మడిచారో చూసి, అదే కొలత గీసుకున్నారు. అట్టలు ప్రింట్ చేయించుకుని స్నేహితులంతా కూర్చుని కత్తెరలతో కోసి, మడిచి, జిగురుతో అంటించారు. స్కిప్ గ్రాఫ్ అనే రికార్డుల దుకాణదారు సలహాలు చెప్పాడు. ‘మాకు ఎవరూ తెలీదు’ అనుకునేవాళ్లు గమనించండి. ఆయన్ని వాళ్లేమీ లింక్డ్ఇన్‌లో పట్టుకోలేదు. ఆ షాపులో రికార్డులు కొంటూ, కబుర్లు చెబుతూ పరిచయం చేసుకున్నారు.

ఆ కవరు మీద కట్టుకున్న రెండు చేతులు, వాటి మీద నల్లటి ‘ఇంటూ’ గుర్తులు ఉంటాయి. మద్యం అమ్మే క్లబ్బుల్లోకి మైనర్లని రానివ్వరు కదా. కాలిఫోర్నియా వెళ్లినప్పుడు ఒక క్లబ్బువాళ్లు వీళ్ల చేతుల మీద ఆ గుర్తు వేసి, మందు పోయబోమని చెప్పి లోపలికి పంపారు. వాషింగ్టన్‌కి తిరిగొచ్చి అక్కడి క్లబ్బుల్ని అదే పద్ధతికి ఒప్పించారు. నిబంధనతో గొడవ పడకుండా, అందులోంచే దారి వెతికారు. ఆ గుర్తే తర్వాత మందు, సిగరెట్, డ్రగ్స్ ముట్టని ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ కుర్రకారుకి చిహ్నమైంది.

ఉద్యోగం మానలేదు!

‘స్టార్టప్ పెట్టాలంటే అన్నీ వదిలేసి దూకాలి’ అని రీల్స్‌లో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. డిస్‌కార్డ్ కుర్రాళ్లు దూకలేదు. మెకై ఐస్‌క్రీం షాపులో పనిచేశాడు, సినిమా హాల్లో పనిచేశాడు, పేపర్ల వ్యాన్ తోలాడు. అతని స్నేహితుడు హెన్రీ రోలిన్స్ అదే ఐస్‌క్రీం షాపుకి మేనేజర్. డిస్‌కార్డ్ రెండో రికార్డు రోలిన్స్ బ్యాండుదే. దానికి డబ్బు పెట్టింది కూడా రోలిన్సే, తన జీతంలోంచి.

అంటే ఏమిటి? ఉద్యోగం ఇంటద్దె కడుతుంది, లేబుల్ తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది. రికార్డు అమ్మగా వచ్చిన సొమ్ము జేబులోకి పోదు, తర్వాతి రికార్డుకి పోతుంది. 1981లో మెకై, నెల్సన్‌ల కొత్త బ్యాండ్ మైనర్ థ్రెట్ రికార్డు వచ్చింది. ఆ ఏడాదే ఆర్లింగ్టన్‌లో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. అదే ఆఫీసు, అదే రిహార్సల్ గది, అదే ఇల్లు. 1982లో తమ ఊరి బ్యాండ్లన్నిటినీ కలిపి 32 పాటల సంకలనం తెచ్చారు.

మీరు ఉద్యోగంలో చేరితే మీ కల చచ్చిపోయినట్టు కాదు. జీతం మీ కలకి మొదటి పెట్టుబడిదారు. వాటా అడగని పెట్టుబడిదారు కూడా.

అమ్మాం కానీ.. డబ్బేది?

కృష్ణా డెల్టాలో ధాన్యం అమ్మిన రైతుని అడగండి. బస్తాలు వెళ్లిపోయాయి, సొమ్ము చేతికి రాలేదు, దాళ్వాకి విత్తనాలు కొనాలి. అమ్మకం జరగడం వేరు, డబ్బు రావడం వేరు. డిస్‌కార్డ్ సరిగ్గా ఈ గుంటలోనే పడింది.

రికార్డులు బాగా పోతున్నాయి. డిస్ట్రిబ్యూటర్లు తీసుకున్న సరుక్కి నెలల తరబడి డబ్బివ్వరు. ఈలోగా కాపీలు అయిపోతాయి. మళ్లీ వేయాలంటే ఫ్యాక్టరీకి ముందే కట్టాలి. పాత రికార్డు మళ్లీ వేస్తే కొత్త బ్యాండుకి డబ్బుండదు. కొత్తది వేస్తే పాతది దొరకదు. గిరాకీ ఉండి కూడా మూతపడే వ్యాపారాలు చాలావరకు ఇక్కడే మూతపడతాయి. బీకామ్ వాళ్లకి తెలిసిన పేరు ‘వర్కింగ్ క్యాపిటల్’.

అప్పుడు లండన్‌లో సదరన్ స్టూడియో నడిపే జాన్ లోడర్ ముందుకొచ్చాడు. కాపీలు తానే వేయించి, అమ్మకం మీద తన ఖర్చు రాబట్టుకుంటానన్నాడు. అలా ఊపిరి తిరిగింది. డిస్‌కార్డ్ తన హక్కుల్ని అమ్ముకోలేదు, సరఫరా భారం మాత్రం పంచుకుంది. ఇంటర్వ్యూలో ‘లాభానికీ క్యాష్ ఫ్లోకీ తేడా ఏంటి?’ అని అడిగితే ఈ ఉదాహరణ చెప్పి చూడండి.

ధర కవరు మీదే

1987లో మెకై మరో ముగ్గురితో కలిసి ఫుగాజీ అనే బ్యాండ్‌తో వేదికెక్కాడు. డిస్‌కార్డ్‌కి బాగా పేరూ డబ్బూ తెచ్చింది ఈ బ్యాండే. పెద్ద కంపెనీలు పిలిచాయి, వెళ్లలేదు. షో టికెట్ సాధారణంగా 5 డాలర్లు. ఏ వయసువాళ్లయినా రావచ్చు. రికార్డు కవరు మీద ధర అచ్చువేసేవాళ్లు, దుకాణదారు ఇష్టమొచ్చిన రేటు వేయకుండా. మన ఎంఆర్‌పీ లాగే. కాకపోతే అక్కడ చట్టం అడగలేదు, వీళ్లే వేసుకున్నారు.

ఐదు డాలర్లకి ఎలా గిట్టింది? ఖర్చు దగ్గర. మేనేజర్ లేడు. షోలు మాట్లాడుకునేదీ వాళ్లే. హోటళ్లకి బదులు తెలిసినవాళ్ల ఇళ్లలో పడక. టీషర్టుల వ్యాపారం పెట్టుకోలేదు. ధర తగ్గించడం దానం కాదు, ముందు ఖర్చు తగ్గించుకోవాలి. 2002 దాకా అలా వెయ్యికి పైగా షోలు చేశారు. వాటిలో చాలావరకు టేపుల మీద భద్రపరిచారు. 2011 నుంచి ఆ రికార్డింగులని ఇంటర్నెట్‌లో, మళ్లీ 5 డాలర్లే సూచించిన ధరగా పెట్టి, అమ్ముతున్నారు. పాత పనిని జాగ్రత్తగా దాచుకుంటే అది ఇరవై ఏళ్ల తర్వాత కూడా అన్నం పెడుతుంది. మీ ప్రాజెక్టు ఫైళ్లని డిలీట్ చేసే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

కౌలా? పాలా?

ఇప్పుడు అసలు విషయం: వాటా. పెద్ద లేబుళ్ల పాత పద్ధతి కమీషన్ వ్యాపారి అడ్వాన్సు లాంటిది. నాట్లకి ముందు డబ్బిస్తాడు. పంట మొత్తం అతని కొట్టుకే తోలాలి. బాకీ తీరేదాకా మీ చేతికి రూపాయి రాదు.

అంకెల్లో చూద్దాం. ఇది ఊరికే లెక్క కోసం అనుకుందాం. లేబుల్ మీకు 10 లక్షలు అడ్వాన్సు ఇచ్చింది. మీ రాయల్టీ 10 శాతం. పాటల మీద 50 లక్షలు వచ్చాయి. మీ వాటా 5 లక్షలు. అది అడ్వాన్సులో జమ. అంటే 50 లక్షలు వచ్చాక కూడా మీరింకా 5 లక్షలు బాకీ! లేబుల్ మాత్రం ఎప్పుడో లాభంలోకి వెళ్లిపోయింది.

చికాగోలో స్థిరపడిన టచ్ అండ్ గో అనే పంక్ లేబుల్ వేరే దారి పట్టింది. ఖర్చులు ముందు తీసేసి, మిగిలినది చెరి సగం. పై లెక్కలోనే చూస్తే 50 లక్షల్లోంచి 10 లక్షల ఖర్చు పోగా 40. మీకు 20, లేబుల్‌కి 20. డెల్టాలో దీనికి ఎప్పటి నుంచో పేరుంది: పాలు. కౌలుకిస్తే పంట పండినా మునిగినా కట్టాల్సింది కట్టాలి. పాలుకి చేస్తే కష్టసుఖాలు ఇద్దరివీ. ఎంబీయే పుస్తకాలు దీన్నే ‘ప్రాఫిట్ షేరింగ్’ అంటాయి.

డిస్‌కార్డ్ కూడా బ్యాండ్లతో కాగితాలు రాసుకోలేదు. నోటిమాటే ఒప్పందం. తమ ఊరి బ్యాండ్లనే తీసుకోవాలనేది నియమం కాబట్టి రోజూ మొహాలు చూసుకునేవాళ్ల మధ్య అది చెల్లింది.

అందరికీ చెల్లలేదు. టచ్ అండ్ గో మీద బట్‌హోల్ సర్ఫర్స్ అనే బ్యాండ్ కోర్టుకెళ్లింది. కొన్నేళ్లు సగం సగం తీసుకున్నాక వాటా పెంచమంది, లేబుల్ కాదంది. 1999లో అమెరికా అప్పీలు కోర్టు ఏం చెప్పిందంటే, గడువు రాసుకోని నోటిమాట ఒప్పందాన్ని బ్యాండ్ ఎప్పుడైనా ముగించుకోవచ్చు. లేబుల్ ఓడిపోయింది. మంచి మనసుతో చేసిన ఒప్పందమే, లాభం కూడా న్యాయంగానే పంచింది, అయినా కాగితం లేకపోవడం దెబ్బతీసింది. స్నేహితులతో కలిసి ఏదైనా మొదలుపెడుతున్నారా? స్నేహం ఉండగానే కాగితం రాసుకోండి. గొడవ వచ్చాక రాయడానికి ఎవరూ కూర్చోరు.

గెలుపే ముంచిన కథ

పద్దు సరిగా లేకపోతే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని లుకౌట్ రికార్డ్స్ చెబుతుంది. 1987లో మొదలైంది. గ్రీన్ డే తొలి రికార్డులు దీనివే. 1994లో గ్రీన్ డే ఒక పెద్ద కంపెనీతో ఆల్బమ్ చేసి ప్రపంచమంతా మోగిపోయింది. దాంతో లుకౌట్ దగ్గరున్న పాత ఆల్బమ్స్ కూడా విపరీతంగా అమ్ముడయ్యాయి. చిన్న లేబుల్‌కి ఇంతకంటే అదృష్టం ఏముంటుంది?

వచ్చిన డబ్బుతో విస్తరించారు. కొత్త బ్యాండ్లు, పెద్ద ప్రచారాలు. అవి ఆశించినంత పోలేదు. క్రమంగా పాత బ్యాండ్లకి ఇవ్వాల్సిన రాయల్టీలు ఆగాయి. 2005లో గ్రీన్ డే తన ఆల్బమ్స్‌ని వెనక్కి తీసుకుంది. అంతకుముందూ, తర్వాతా మరికొన్ని బ్యాండ్లు కూడా అదే పని చేశాయి. ఇంటికి ఆధారమైన దూలమే పోయింది. 2012లో లుకౌట్ పూర్తిగా మూతపడింది.

పక్కవాడి వాటా మన అకౌంట్లో ఉన్నంత మాత్రాన మన డబ్బు కాదు. కాలేజీ ఫెస్ట్ కమిటీలో డబ్బు చూసినవాళ్లకి ఈ మాట బాగా తెలుసు. స్పాన్సర్ ఇచ్చిన సొమ్మూ, సౌండ్ సిస్టమ్ వాడికి ఇవ్వాల్సిన సొమ్మూ ఒకే యూపీఐ ఖాతాలో కలిసిపోతే ఆఖరి రోజు రాత్రి ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకో సంఘటన. 2005లో నైకీ తన స్కేట్‌బోర్డింగ్ టూర్ పోస్టర్‌కి మైనర్ థ్రెట్ రికార్డు కవరు బొమ్మని అనుకరించి, పేరుని ‘మేజర్ థ్రెట్’గా మార్చి వాడింది. అనుమతి అడగలేదు. డిస్‌కార్డ్ అభ్యంతరం చెప్పింది, అభిమానులు గోల చేశారు. నైకీ బహిరంగంగా క్షమాపణ చెప్పి పోస్టర్లు వెనక్కి తీసుకుంది. ఇంట్లో నడిచే చిన్న సంస్థ ముందు అంత పెద్ద కంపెనీ తగ్గింది. ఆ బొమ్మ ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి, పాతికేళ్లుగా మాట మీద నిలబడ్డ పేరు కాబట్టి.

మన ఊరి సంగతి?

వాషింగ్టన్ సంగీతానికి పేరున్న ఊరు కాదు. ఆఫీసుల ఊరు. పాడేవాళ్లు న్యూయార్క్‌కో లాస్ ఏంజలెస్‌కో పోవాల్సిందే అనేవాళ్లు. విజయవాడలో మనం వినే మాటే కదా! గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పాడాలంటే మద్రాసు వెళ్లాల్సి వచ్చింది. తర్వాత తరాలు హైదరాబాద్ వెళ్లాయి. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు నిండుగా ఉన్నా, తయారీ మాత్రం ఎప్పుడూ వేరే ఊళ్లోనే. మరి ఇక్కడేమీ లేదా? 1948 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉంది. ఘంటసాల పేరుతోనే ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. పక్కనే కూచిపూడి ఉంది. పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి కొదవ లేదు. కొదవ ఉన్నదల్లా వాళ్ల పనిని కాగితం మీద, లెక్కల్లో, హక్కుల్లో నిలబెట్టేవాళ్లకి.

ఆ ఖాళీలోనే మీకు పనుంది. ఇప్పుడు 1,000 కాపీలు వేయక్కర్లేదు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి సంస్థలు రుసుము తీసుకుని పాటని స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ లాంటి చోట్లకి చేరుస్తాయి. దారి తేలికైంది. అందుకే పోటీ కూడా పెరిగింది. ఒక్క పాటతో బతుకు గడవదు. కానీ పాట చుట్టూ ఉన్న పనులు ఉద్యోగాలే:

బీకామ్, సీఏ ఇంటర్ వాళ్లకి రాయల్టీ అకౌంటింగ్. ఒక పాట వెయ్యి చోట్ల వినిపిస్తే వెయ్యి చోట్ల నుంచి పైసల్లో డబ్బొస్తుంది. ఎవరికెంతో తేల్చేవాళ్లు కావాలి.

లా చదివేవాళ్లకి లైసెన్సింగ్. ప్రకటనలు, వెబ్ సిరీస్‌లు, గేమ్స్‌లో పాట వాడాలంటే అనుమతి పత్రాలు రాయాలి.

బీటెక్, డేటా వాళ్లకి మెటాడేటా. ప్రతి రికార్డింగుకీ ఐఎస్ఆర్‌సీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. పాట పేరు స్పెల్లింగ్ తప్పినా, రాసినవారి పేరు పడకపోయినా డబ్బు దారి తప్పుతుంది.

చెవి బాగున్నవాళ్లకి సౌండ్. రికార్డింగ్, మిక్సింగ్, లైవ్ సౌండ్, డబ్బింగ్, పాడ్‌కాస్ట్ ఎడిటింగ్. ఇన్నర్ ఇయర్ కూడా ఒక ఇంట్లోనే మొదలైందని మర్చిపోకండి.

సంతకానికి ముందు ఇవి చూడండి

మీరు పాట రాసినా, బాణీ కట్టినా, డిజైన్ గీసినా చట్టం మీవైపు కొన్ని రక్షణలు పెట్టింది. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. హక్కులు తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనంతవరకు, ఆ హక్కు తిరిగి మీకే వస్తుంది.

2012 సవరణ ఇంకా ముఖ్యమైంది. సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించడం తప్ప మిగతా వాడకాల మీద గేయ రచయితకీ, స్వరకర్తకీ రాయల్టీలో సమాన వాటా ఉండాలి. ‘నాకు అక్కర్లేదు’ అని సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. సినిమాతో సంబంధం లేని పాటలకీ ఇలాంటి రక్షణే ఉంది. రచయితలు, స్వరకర్తల తరఫున ఈ రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్. 1969 నుంచి ఉంది.

ఎవరైనా కాగితం ముందు పెట్టి ‘ఫార్మాలిటీయే బాబూ, సంతకం పెట్టెయ్’ అంటే ఐదు ప్రశ్నలు అడగండి. ఏ హక్కు తీసుకుంటున్నారు? ఎన్నేళ్లకి? ఎక్కడెక్కడికి? ఖర్చంటే ఏవేవి? లెక్కలు ఎన్నాళ్లకోసారి చూపిస్తారు? జవాబులు కాగితం మీద లేకపోతే సంతకం రేపు పెట్టొచ్చు. ఈ ఐదూ ఉద్యోగ బాండ్లకీ, ఇంటర్న్‌షిప్ ఒప్పందాలకీ కూడా పనికొస్తాయి.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘ఫ్రెషర్, అనుభవం లేదు’ అని మీకు మీరే రాసుకోకండి. మీ కాలేజీ బ్యాండుకి, నాటకానికి, షార్ట్ ఫిల్మ్‌కి, ఊళ్లో భజన బృందం యూట్యూబ్ ఛానల్‌కి పనిచేశారా? అది అనుభవమే. కాకపోతే ‘సంగీతం మీద ఆసక్తి’ అని హాబీల కింద పడేస్తే ఎవరూ చూడరు. ఏం చేశారో అంకెలతో రాయండి: ఎంత డబ్బుతో మొదలుపెట్టారు, ఎంతమంది పనిచేశారు, ఎంత మిగిలింది లేదా ఎంత పోయింది, ఎవరికి ఎంత పంచారు. నష్టం వస్తే దాచకండి. ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాళ్లని ఇంటర్వ్యూ బోర్డు గుర్తుపెట్టుకుంటుంది.

ఇంకా మొదలుపెట్టలేదా? ఒక చిన్న ప్రయోగం చేయండి. నలుగురు కలవండి. మూడు నెలలు గడువు. చేసే పని ఒకటే: ఒక పాట, ఒక పుస్తకం, ఒక వీడియో, ఏదైనా. అందరి డబ్బూ ఒకే చోట, పద్దు అందరికీ కనిపించే ఒకే షీటులో. మొదటి రోజే ఒక పేజీ ఒప్పందం: ఎవరు ఏం చేస్తారు, వస్తే ఎలా పంచుతారు, పోతే ఎవరు భరిస్తారు, ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఏంటి. ఉద్యోగ ప్రయత్నాలు ఆపొద్దు. పరీక్ష ఉంటే పరీక్షకే ముందు సమయం ఇవ్వండి.

డిస్‌కార్డ్ ఇప్పటికి 150కి పైగా రికార్డులు తెచ్చింది. 2020లో కూడా మెకై కొత్త బ్యాండ్ కోరికీ ఆల్బమ్ ఆ పేరు మీదే వచ్చింది. పెట్టినవాళ్లు కోటీశ్వరుల జాబితాలోకి ఎక్కలేదు. కానీ 1980లో రికార్డు చేసిన ఆ ఎనిమిది పాటలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాడినవాళ్లకి లెక్క అందుతోంది, పేరు చెడలేదు. ఇది కూడా ఒక కెరీరే. కాలేజీ బోర్డు మీద కట్టే ప్యాకేజీల పట్టికలో దీనికి గడి ఉండదు, అంతే.

ఈ నెల పాకెట్ మనీలోంచి ఒక వంద పక్కన పెట్టండి. ఇంకో ముగ్గురిని పెట్టమనండి. డబ్బాకి తాళం అక్కర్లేదు, పద్దు ఉంటే చాలు.